ముందు మొక్క, ఆ తర్వాత పురుగు: బీడు భూమిలో గుర్తుపట్టే పద్ధతి

పచ్చికబయలుకు మొదటిసారి వెళ్ళినవాళ్ళలో చాలామంది దిగీ దిగగానే ఎగిరే సీతాకోకచిలుక వెంట పడతారు. పది నిమిషాలకు ఆయాసం వస్తుంది, ఫోన్‌లో నాలుగు మసక ఫోటోలు మిగులుతాయి, పేరు మాత్రం దొరకదు. పని తిరగేసి చెయ్యాలి. మొక్క ఎక్కడికీ పోదు కాబట్టి ముందు దాని పేరు తేల్చుకోండి. ఏ మొక్క మీద ఏ పురుగు బతుకుతుందో కొంత తెలిసివుంటే, మొక్క పేరు తేలగానే పురుగు పేరు సగం తేలినట్టే. ఈ వ్యాసమంతా ఆ వరసలోనే సాగుతుంది. ఇందులోని మొక్కలు, పురుగులు తెలంగాణ, రాయలసీమ బీళ్ళలో మామూలుగా కనబడేవే.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి

ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ చివర్లో, వెళితే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనబడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ మొక్కలు గుర్తుపట్టడానికి అది సమయం కాదు. అప్పటికి అంతా లేత ఆకే. కంకి లేని గడ్డిని నిపుణులు కూడా నమ్మకంగా చెప్పలేరు. అసలు సమయం ఉత్తర, హస్త కార్తెలు, అంటే సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు రెండో వారం దాకా. గడ్డి కంకి వేసి ఉంటుంది, పల్లేరు కాయ పట్టి ఉంటుంది, జూలైలో పిల్లలుగా ఉన్న మిడతలకు పూర్తి రెక్కలు వచ్చేస్తాయి. బతుకమ్మ కోసం గునుగు, తంగేడు కోసుకొచ్చే రోజులు కూడా ఇవే. ఆ పూలు కోసేవాళ్ళను అడిగితే దగ్గర్లో మంచి బీడు ఎక్కడుందో చెప్పేస్తారు.

చోటు కోసం దూరం పోనక్కరలేదు. చెరువు కట్ట వెనక, గుట్ట కింద, ఊరి పశువులు మేసే బంజరులో అరెకరం చాలు. రెవెన్యూ కాగితాల్లో బీడు, బంజరు అని రాసినంత మాత్రాన అక్కడ ఏమీ లేదనుకోవద్దు. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు కూడా చూపుకు ఉత్త గడ్డి నేలే. బట్టమేక పిట్ట కోసం అక్కడ 614 హెక్టార్లను 1988లో అభయారణ్యం చేశారు. అలాంటి చోటికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, బాట దిగకూడదు. గడ్డి నేలల పిట్టలు గుడ్లు పెట్టేది నేల మీదే.

ఉదయం ఆరున్నరకల్లా అక్కడుండాలి. మంచు ఆరేదాకా పురుగులు చలికి బిగుసుకుని కదలవు, దగ్గరగా చూడనిస్తాయి. ఎనిమిది ప్రాంతంలో సీతాకోకచిలుకలు రెక్కలు విప్పి ఎండ కాచుకుంటాయి. పదిన్నర దాటితే అన్నీ చురుకెక్కుతాయి, మనకు చురుకు తగ్గుతుంది. పూలకు కూడా వేళలున్నాయి. విష్ణుక్రాంతం పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, తుత్తురబెండ మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటుంది. పొద్దున్నే వెళ్ళి "తుత్తురబెండకు పూలు లేవు" అని రాసుకొచ్చేవాళ్ళు తరచు కనబడతారు.

సంచిలో ఏముండాలి

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న మడత భూతద్దం, 15 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, గట్టి అట్ట నోటుబుక్కు, మూత మీద సన్న రంధ్రాలు చేసిన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు రెండు, మీటరు పొడవూ వెడల్పూ ఉన్న తెల్ల గుడ్డ, నాలుగు పుల్లలు, నాలుగున్నర మీటర్ల పురికొస. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. పెన్నుకు బదులు పెన్సిలు ఎందుకంటే మంచు తడికి సిరా అలుక్కుపోతుంది.

భూతద్దాన్ని చాలామంది వార్తాపత్రిక చదివినట్టు చేయి చాచి పట్టుకుంటారు. అలా పడితే ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకుని, చూడాల్సిన ఆకును మెల్లగా అద్దం వైపు తీసుకురండి. పది రెట్ల అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర బొమ్మ తేటపడుతుంది. వెలుగు ఆకు మీద పడాలి, మీ తల నీడ అడ్డు రాకూడదు. రెండు కళ్ళూ తెరిచే చూడటం అలవాటు చేసుకుంటే తలనొప్పి రాదు.

ముందుగా గడ్డి

పుల్లలు నాటి, పురికొస చుట్టి, మీటరుకు మీటరు గడి కట్టండి. మొదటి గంట దాన్ని వదలొద్దు. "ఇంత చిన్న చోటులో ఏముంటుంది" అనిపించడం మామూలే. కూర్చుని చూస్తే పది, పన్నెండు రకాల మొక్కలు తేలతాయి. ఒక పూటకు అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఇంటికొచ్చేసరికి ఏదీ గుర్తుండదు.

మొట్టమొదట తేల్చాల్సింది అది గడ్డా, తుంగా అన్నది. కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పండి. మూడు అంచులు తగిలితే తుంగ. గుండ్రంగానో, బల్లపరుపుగానో ఉండి, మధ్యమధ్యలో చెరుకు గడకున్నట్టు కణుపులు ఉంటే గడ్డి. తుంగ కాడకు ఆ కణుపులు కనబడవు, ఆకులు మూడు దిక్కులకు వస్తాయి. గడ్డి ఆకులు రెండు దిక్కులకే వస్తాయి.

గడ్డి అని తేలాక కంకి కంటే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. ఆకు కాడను చుట్టుకుని ఉండే తొడుగు, విడిగా వంగిన ఆకు, ఈ రెండూ కలిసే మూల. ఆకును వెనక్కి లాగి ఆ మూలను అద్దంతో చూడండి. అక్కడ పలచటి పొర ఉందా, వెంట్రుకల వరస ఉందా, ఏమీ లేదా? పశువు కంకి కొరికేసిన గడ్డికి కూడా ఈ గుర్తు మిగులుతుంది. అందుకే ఫోటో తీసేటప్పుడు ఈ మూలను మరిచిపోతే ఇంటికొచ్చాక తలపట్టుకోవాలి.

ఎక్కువమందిని తికమకపెట్టేవి వేళ్ళలా విచ్చుకునే కంకుల గడ్డి రకాలు. అన్నిటినీ గరిక అనేస్తారు. అసలు గరిక నేల మీద పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దించుతుంది. దాని కాడ కొసన ఒకే చోటు నుంచి మూడు నుంచి ఆరు సన్నటి కంకులు విచ్చుకుంటాయి, ఇందాక చెప్పిన మూలలో సన్న వెంట్రుకలుంటాయి. డాక్టిలోక్టీనియం అనే గడ్డికి కంకులు పొట్టిగా, మందంగా, కాకి కాలులా ఉంటాయి. ప్రతి కంకి చివర గింజల్లేని చిన్న ముల్లు కొస బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొస ఒక్కటి చూస్తే చాలు, ఇక సందేహం ఉండదు. రాగికి దగ్గర చుట్టమైన ఎల్యుసైన్ ఇండికా మొదలు దగ్గర బల్లపరుపుగా, తెల్లగా ఉంటుంది. కంకుల్లో ఒకటి తరచు మిగిలినవాటికి ఒక సెంటీమీటరు కిందే విడిగా పుడుతుంది, కుదురు పీకాలంటే చెయ్యి నొప్పెడుతుంది. ఊదా రంగులో కుంచెలా నిలబడి, ముట్టుకుంటే మెత్తగా ఉండేది క్లోరిస్ బార్బాటా. ఈ నాలుగూ ఒకే రోడ్డు పక్కన దొరుకుతాయి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూస్తే మళ్ళీ పొరబడరు.

ప్యాంటుకు గుచ్చుకుని పీడించే గడ్డి హెటెరోపోగాన్ కంటార్టస్. దాని గింజకు పొడవాటి, నల్లని మీసం ఉంటుంది. పండిన కంకి మీద ఆ మీసాలన్నీ తాడులా పెనవేసుకుపోతాయి. ఒక గింజను అరచేతిలో పెట్టి నీటి చుక్క వెయ్యండి, మీసం తనంతట తాను తిరుగుతుంది. తడికి విప్పుకుని, ఎండకు మెలిపడి, అలా తిరుగుతూ గింజను మట్టిలోకి దించుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళితే తప్పక చూపించాల్సింది ఇదే. గింజకు ఒకటి కాకుండా మూడు మీసాలు ఉంటే అది అరిస్టిడా, చీపుర్లు కట్టే గడ్డి జాతి. ఆకు నలిపితే నిమ్మగడ్డి లాంటి వాసన వస్తే సింబోపోగాన్. నలిపి వాసన చూడటం మంచి పరీక్షే గానీ వరసగా మూడు మొక్కలు నలిపాక వేళ్ళన్నీ ఒకే వాసన కొడతాయి. మధ్యలో మట్టితో రుద్దుకుని కడుక్కోవాలి.

పూల మొక్కలు: ఒక్కో కిటుకు గుర్తు

పువ్వు రంగుతో మొదలుపెట్టొద్దు. బీట్లో సగం పూలు పసుపే. ముందు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా చూడండి. తర్వాత కాడ గుండ్రమా, నలుపలకా. తర్వాత ఆకు తుంచితే పాలు వస్తాయా. ఈ మూడు ప్రశ్నలకే జాబితా సగానికి సగం తగ్గుతుంది.

నలుపలక కాడ, ఎదురెదురు ఆకులు, కణుపు చుట్టూ గుత్తిగా తెల్లటి పెదవుల్లాంటి పూలు ఉంటే తుమ్మి. పాలు పరీక్ష ఎక్కడ పనికొస్తుందంటే, నేల ఉసిరి అనుకుని రెడ్డివారి నానబాలు పీకేవాళ్ళ దగ్గర. నానబాలు తుంచగానే పాలు కారతాయి, నేల ఉసిరికి పాలే ఉండవు. నేల ఉసిరిలోనూ రెండు మూడు రకాలున్నాయి. కాయ నునుపుగా, చిన్న కాడతో రెబ్బ కింద వేలాడితే ఫిలాంథస్ అమారస్. కాయ గరుకుగా, కాడ లేకుండా రెబ్బకు అతుక్కుని ఉంటే ఫిలాంథస్ యూరినేరియా.

పల్లేరు, ఏనుగు పల్లేరు పేర్లలో చుట్టాలే గానీ మొక్కల్లో కావు. పల్లేరు ఆకు చింతాకులా చిన్న చిన్న రెబ్బలుగా ఉంటుంది, పసుపు పువ్వుకు ఐదు రేకులు విడివిడిగా ఉంటాయి, ఎండిన కాయ ఐదు ముళ్ళ ముక్కలుగా విడిపోతుంది. ఏనుగు పల్లేరు ఆకు మందంగా, ఒకే పలకగా ఉంటుంది, పువ్వు గొట్టంలా, కాయ నాలుగు మూలల నాలుగు ముళ్ళతో ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే దాని కొమ్మ ఒకటి గ్లాసు నీళ్ళలో వేసి తిప్పండి. కాసేపట్లో నీళ్ళు జిగురుగా చిక్కబడతాయి.

వెంపలిని పట్టే పరీక్ష పాతదే అయినా చక్కనిది. రెబ్బాకును రెండు చివర్లా పట్టుకుని లాగితే అడ్డంగా చిరగదు, బాణం మొనలా కోసుగా తెగుతుంది. తంగేడును పువ్వు లేకుండా కూడా చెప్పొచ్చు. ఆకు మొదట్లో చెవుల్లాంటి వెడల్పాటి ఆకు ముక్కలు రెండు కాడను పట్టుకుని ఉంటాయి, కాయ కాగితంలా పల్చగా ఉంటుంది. కసివిందకు ఆ చెవులుండవు. దానికి ఆకు కాడ మొదట్లో ఒకే ఒక బుడిపె ఉంటుంది, నలిపితే కంపు.

చేమంతి వాళ్ళింట్లో గందరగోళం ఎక్కువ. గడ్డి చేమంతి పువ్వు 10 నుంచి 30 సెంటీమీటర్ల పొడవాటి కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. చుట్టూ ఐదారు పాలమీగడ రంగు రేకులు, ప్రతి రేకు చివర మూడు పళ్ళు. గుంటగలగర తడి నేలల్లో ఉంటుంది, పువ్వు చిన్నది, రేకులు దారాల్లా సన్నగా, లెక్కపెట్టలేనన్ని ఉంటాయి, కాడ నలిపితే రసం నల్లబడుతుంది. ఇక వయ్యారిభామ పూత రాకముందు నేలకు పరుచుకుని, చీలిన ఆకులతో, చామంతి నారులా అమాయకంగా ఉంటుంది. అదే ప్రమాదం. చేమంతి మొక్కేమో అనుకుని ఆకులు పట్టుకుని చూస్తారు, కొందరికి ఆ రోజు రాత్రికే దద్దుర్లు లేస్తాయి. బీట్లో చీలిన ఆకుల గుబురు కనబడితే పేరు తేలేదాకా ముట్టుకోవద్దు.

ఊరి పేర్ల గురించి ఒక మాట. గలిజేరు అంటే కొన్ని ఊళ్ళలో బోర్హావియా, మరికొన్ని ఊళ్ళలో ట్రయాంథిమా. మొదటిదానికి కాడల చివర చిట్టి గులాబి రంగు పూల గుత్తులుంటాయి, కాయలు బట్టలకు అంటుకుంటాయి. రెండోదానికి కండగల ఆకు, ఆకు మొదట్లో ఇరుక్కున్న ఒంటి పువ్వు. కాబట్టి ఊరి పేరు రాసుకోండి, ఏ ఊళ్ళో విన్నారో కూడా రాసుకోండి, పక్కనే శాస్త్రీయ నామానికి జాగా వదలండి. ఊరి పేరు తప్పు కాదు. అది ఆ ఊరికే సరిపోతుంది.

జిల్లేడు దగ్గర అరగంట

పురుగులు నేర్చుకోవడానికి మొత్తం బీడు తిరగనక్కరలేదు. పూసిన జిల్లేడు చెట్టు ఒకటి చూసుకుని, రెండడుగుల దూరంలో అరగంట కదలకుండా నిలబడండి.

ముందు జిల్లేడు ఏదో తేల్చండి. రేకులు బాగా విచ్చుకుని వెనక్కి వాలితే కాలోట్రోపిస్ జైగాంటియా, నిటారుగా నిలబడి కొసల్లో ముదురు ఊదా మచ్చ ఉంటే ప్రోసెరా. తర్వాత లేత కొమ్మ చివర్లు చూడండి. పసుపు ఒళ్ళు, నల్ల కాళ్ళతో గుంపులుగా ఉండేది పేనుబంక. పేనుబంక ఉన్నచోట దాన్ని తినే అక్షింతల పురుగూ ఉంటుంది, దాని పిల్ల కూడా. ఆ పిల్ల చిన్న మొసలిలా, నల్లగా, పొడుగ్గా ఉండి తల్లితో ఏ పోలికా లేకపోవడంతో వేరే పురుగుగా లెక్కేస్తుంటారు.

ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు కనబడితే దాని ఒంటి మీద మెత్తని నల్ల కొమ్ముల జతలు లెక్కపెట్టండి. మూడు జతలుంటే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. పసుపు, నీలిపచ్చ చారల పెద్ద మిడత ఉంటే అది పోయికిలోసెరస్ పిక్టస్, జిల్లేడు మిడత. దాని పిల్లను కెలికితే ఒంటి నుంచి ద్రవం చిమ్ముతుంది కాబట్టి ముఖం దగ్గర పెట్టకండి. పూల మీద ఝుమ్మని వాలే పెద్ద నల్లటి తుమ్మెదకు రెక్కలు ఎండలో నీలంగా మెరుస్తాయి. జిల్లేడు పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరవేసేది ముఖ్యంగా అదే.

ఇప్పుడు అసలు పరీక్ష. బీట్లో నారింజ రంగు సీతాకోకచిలుక ఎగిరితే వెంటనే ప్లెయిన్ టైగర్ అని రాసేస్తారు. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ పిట్టలకు చేదు. ఆ వేషం వేసుకుని బతికే ఇంకోటి ఉంది, డనెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. కింది రెక్క మధ్యలో చూడండి. మూడు నల్ల చుక్కలుంటే ప్లెయిన్ టైగర్ ఆడది, నాలుగుంటే ప్లెయిన్ టైగర్ మగది. మధ్యలో చుక్కలు లేక, రెక్క ముందంచున ఒకే ఒక నల్ల మచ్చ ఉంటే అది వేషగత్తె. దాని మగది నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో వేరే జాతిలా ఉంటుంది. చుక్కలు కనబడకపోయినా మొక్క సాయం చేస్తుంది. గుడ్లు పెట్టడానికి జిల్లేడు ఆకు అడుగుకు చేరేది ప్లెయిన్ టైగర్, నేల మీద గంగవాయిలి కూర చుట్టూ తచ్చాడేది ఎగ్‌ఫ్లై.

ఇలాంటి జతలు మరికొన్ని. తంగేడు దగ్గర తిరిగే తెలుపు, లేత పసుపు పచ్చని, వేగంగా ఎగిరే సీతాకోకచిలుకలు ఎమిగ్రెంట్లు, నేలకు దగ్గరగా తడబడుతూ ఎగిరే చిన్న పసుపువి గ్రాస్ యెల్లోలు. వయ్యారిభామ ఆకులు జల్లెడలా తినేసి ఉంటే మీగడ రంగు పెంకు మీద గోధుమ గీతలున్న చిన్న పురుగు కోసం వెతకండి. దాని పేరు జైగోగ్రామా. వయ్యారిభామను అణచడానికి మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. అక్షింతల పురుగులా గుండ్రంగా ఉండటంతో రెండూ కలిపేస్తారు. ఆకు తింటున్నది జైగోగ్రామా, పేనుబంక తింటున్నది అక్షింతల పురుగు.

మొక్క ఆధారం లేనప్పుడు

పురుగు నేల మీదో గాల్లోనో ఉంటే దాని ఒంటినే చదవాలి. ముందు కాళ్ళు లెక్కపెట్టండి. ఆరు లేకపోతే అది కీటకమే కాదు. ఆరుద్ర పురుగుకు ఎనిమిది, సాలెపురుగుకు ఎనిమిది, రోకలిబండకు లెక్కలేనన్ని. ఒక చిక్కు ఉంది: ఆరుద్ర పురుగుకు పిల్లదశలో ఆరు కాళ్ళే ఉంటాయి. అయితే ఆ పిల్ల కంటికి ఆననంత చిన్నది, కాబట్టి పొరబడే అవకాశం తక్కువ.

తర్వాత రెక్కలు. వీపు మీద గట్టి పెంకు రెండు ముక్కలై మధ్యలో తిన్నటి గీతలా కలిస్తే పెంకుపురుగు. వీపు మీద త్రికోణం కనబడి, రెక్క పైసగం తోలులా, కొస పొరలా ఉంటే నల్లి జాతి పురుగు. తిరగేసి చూస్తే రసం పీల్చే సూదిముక్కు ఛాతీ కింద మడిచి ఉంటుంది. పూల మీద పసుపు, నలుపు చారలతో ఆగి ఆగి గాల్లో నిలబడేది తేనెటీగ కాకపోవచ్చు. ఒకే జత రెక్కలు, పొట్టి మీసాలు, తలంతా కళ్ళు ఉంటే అది ఈగ జాతి, కుట్టదు. తేనెటీగకు, కందిరీగకు రెక్కలు రెండు జతలు.

మిడతల్లో మీసం పొట్టిగా ఉంటే ఒక వర్గం, ఒంటి కంటే పొడవుంటే ఇంకో వర్గం. పొట్టి మీసాల దానికి చెవి నడుము పక్కన ఉంటుంది, పొడుగు మీసాల దానికి ముందు కాలి మోకాలి కింద. రెక్కలు మొలకల్లా పొట్టిగా ఉంటే అది ఇంకా పిల్ల. పిల్ల మిడతకు జాతి పేరు పెట్టే ప్రయత్నం మానేసి "మిడత పిల్ల" అని రాసి ఊరుకోవడం తెలివైన పని. కొన్ని ఊళ్ళలో పచ్చ మిడతను కూడా గొల్లభామ అంటారు. ముందు కాళ్ళు కొడవళ్ళలా మడిచి దణ్ణం పెడుతున్నట్టుండేదానికే ఆ పేరు ఉంచుకుంటే మీ నోటుబుక్కులో గొడవ ఉండదు.

తూనీగ వాలినప్పుడు రెక్కలు చాపుతుంది. సూదిలాంటి సన్న తూనీగల్లో చాలావరకు వీపు మీద ముడుచుకుంటాయి, వాటి కళ్ళు రెండూ దూరం దూరంగా ఉంటాయి. వానలు తగ్గే రోజుల్లో బీటి మీద గుంపులుగా తిరిగే పసుపు, నారింజ తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్. హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరానికి పోయే జాతి అది. వాలడం తక్కువ, వెంటపడి ప్రయోజనం లేదు.

పొదలో దాక్కున్న పురుగుల కోసం తెల్ల గుడ్డను పొద కింద పరిచి, కొమ్మను కర్రతో రెండు దెబ్బలు వెయ్యండి. రాలినవాటిని డబ్బాలో పెట్టి, రెండు నిమిషాల్లో చూసి, అదే పొదలో వదిలెయ్యండి. డబ్బాను ఎండలో పెడితే ఐదు నిమిషాల్లో లోపలిది చచ్చిపోతుంది. సీతాకోకచిలుకల్ని డబ్బాలో పెట్టొద్దు. పొలుసు రాలుతుంది, పైగా కొన్ని జాతులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్నాయి.

ఫోటోలు, నోట్సు

మొక్కకు కనీసం ఆరు ఫోటోలు: స్కేలు పక్కన పెట్టి మొత్తం మొక్క, పువ్వు ఎదురుగా, పువ్వు పక్క నుంచి, ఆకు పైభాగం, ఆకు అడుగు, కణుపుతో సహా కాడ. కాయ ఉంటే ఏడోది. అందరూ మొదటిదీ రెండోదీ తీసి ఆపేస్తారు, జాతి తేల్చేది మాత్రం తక్కినవే. గాలికి ఊగుతుంటే వెనక అరచేయి పెట్టండి. తెల్లపూలు వెలిగిపోయి తెల్ల మచ్చలా వస్తాయి కాబట్టి తెరను నొక్కి వెలుతురు తగ్గించాలి. పురుగుకు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి, అది కూర్చున్న మొక్కది ఒకటి. ఆ నాలుగోది లేకపోతే మీరు చేసిన పని సగం వృథా. దగ్గరికి పోయేటప్పుడు వంగి, మీ నీడ పురుగు మీద పడకుండా, సూర్యుడు పక్కకు ఉండేలా వెళ్ళండి.

నోటు పొట్టిగా ఉన్నా ఇలా ఉండాలి: "సెప్టెంబరు 20, ఉదయం 7.40. ఎర్రనేల, గుట్ట వాలు. జిల్లేడు, మొక్క ఎత్తు 1.2 మీ. ఆకు అడుగున చారల గొంగళి, 3 సెం.మీ., మూడు జతల కొమ్ములు, ఆకు తింటోంది. ఫోటోలు 14 నుంచి 18." ఎర్రనేలా, నల్లరేగడా అన్నది తప్పక రాయండి. పక్కపక్క పొలాల్లోనే మొక్కల జాబితా మారిపోతుంది.

ఫోన్ యాప్ చెప్పిన పేరును సాక్ష్యంగా కాక, చిట్కాగా తీసుకోండి. యాప్ సూచించిన జాతి మన ప్రాంతంలో ఇంతకు ముందు దొరికిందో లేదో చూడాలి. గడ్డి విషయంలో యాప్‌లు బాగా తడబడతాయి. జాతి తేలకపోతే ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) దగ్గర, అదీ తేలకపోతే కుటుంబం దగ్గర ఆగండి. "అరిస్టిడా, జాతి తేలలేదు" అని రాసినవాళ్ళ జాబితాను తర్వాత ఎవరైనా నమ్ముతారు.

ఒంటి జాగ్రత్త

చీలమండ దాకా వచ్చే బూట్లు, పొడుగు ప్యాంటు, చేతిలో కర్ర. చెయ్యి పెట్టే ముందు గడ్డి కుదురును కర్రతో కదపండి. రక్తపింజర, చిన్నపింజర ఈ నేలల్లోనే ఉంటాయి. కాటు పడితే కొయ్యడం, బిగించి కట్టడం, పసరు పొయ్యడం వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. గుంపు ఐదారుగురు మించకుండా ఉంటే ఒకరి కాళ్ళ దగ్గర ఇంకొకరు చూసుకోగలరు.

నలుపు మీద నారింజ పట్టీలతో పూలు కొరుక్కుతినే పొడుగు పురుగు బొబ్బల పురుగు, మైలాబ్రిస్. దాన్ని నలిపితే వచ్చే కాంథరిడిన్ చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. ఒంటి మీద వాలితే కొట్టొద్దు, ఊది పంపెయ్యండి. దూలగొండి కాయల నూగు అంటుకుంటే రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు అద్ది లాగి, తర్వాత సబ్బుతో కడగాలి. జిల్లేడు పాలు అంటిన వేలితో కన్ను నలుపుకోవద్దు. పేరు తెలిసినా తెలియకపోయినా ఏ ఆకూ, ఏ గింజా నోట్లో పెట్టొద్దు. ఎర్రటి గురివింద గింజలు పిల్లల్ని ఊరిస్తాయి, కొరికితే ప్రాణాంతకం. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ గోమార్లు పట్టాయేమో చూసుకోండి. పట్టిన గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా పైకి లాగాలి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్ల అంటించడం పాత అలవాట్లు, మానెయ్యండి.

గడి కట్టిన పురికొస విప్పేముందు నాలుగు మూలల్లో ఒక మూల ఎర్ర గుడ్డ చుట్టిన మేకు దించి రండి. మూడు వారాల తర్వాత, చిత్త కార్తెలో, అదే గడి దగ్గర కూర్చుంటే అప్పుడు పేరు తేలని లేత గడ్డి కంకి వేసి ఉంటుంది.